లేని నొప్పి

పోయిన వారం మనం గ్లెన్ హోల్‌రాయిడ్‌ను లండన్ హోటల్లో, రెండు మంచాల గదిలో ఒంటరిగా వదిలేసి వచ్చాం. స్కెల్‌బరీ టౌన్ జట్టులో బెంచీ మీద కూర్చోవడమే ఉద్యోగంగా రెండేళ్లు గడిపిన ఈ ముప్పై ఏడేళ్ల గోల్‌కీపర్‌కు, అనుకోకుండా వెంబ్లీ స్టేడియంలో, గెలిస్తే జట్టు పై డివిజన్‌కు చేరే ప్రమోషన్ ఫైనల్ ఆడే రాత రాసిపెట్టి ఉంది. అది అతని ప్రతిభ వల్ల వచ్చిన అవకాశం కాదు, నిబంధన వల్ల వచ్చింది. సీజనంతా గోల్ కాసిన ఎబెన్ ఓసేయి, వెస్ట్‌మియర్ రోవర్స్ నుంచి అరువుకు వచ్చిన కుర్రాడు. అరువుకు వచ్చినవాడు సొంత క్లబ్బు మీద ఆడకూడదు. ఫైనల్లో ఎదురుపడింది సరిగ్గా ఆ వెస్ట్‌మియరే. స్కెల్‌బరీ ఊరు ఊరంతా తల పట్టుకుంది. గ్లెన్ మాత్రం ఆ వార్త విని బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని నవ్వుకున్నాడు. ఆ తరువాత భయమేసి చాలాసేపు బయటికి రాలేదు.

ఇప్పుడు శుక్రవారం ఉదయం. మ్యాచ్ రేపు మధ్యాహ్నం.

ఫలహారాల దగ్గర ఎవరూ గ్లెన్‌ను వెక్కిరించలేదు. మామూలుగా అయితే అతను పళ్లెం పట్టుకుని వచ్చేసరికి ఎవడో ఒకడు "తాతకి గుడ్డు మెత్తగా ఉడికించండ్రా, పళ్లు ఊడతాయి" అనేవాడు. ఇంకొకడు లేచి కుర్చీ లాగి, నడుం పట్టుకుని కూర్చోబెడుతున్నట్టు నటించేవాడు. రెండేళ్లుగా ఈ గోల భరించీ భరించీ అతనికి విసుగెత్తింది. ఇవాళ మాత్రం అందరూ బీన్స్ గిన్నెల్లోకి తొంగి చూస్తూ "మార్నింగ్, గ్లెన్" అన్నారు. పేరు పెట్టి పిలిచారు. జబ్బుపడ్డవాణ్ణి చూడటానికి వచ్చినవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడారు. వెక్కిరింత ఆగిపోతే మనిషికి ఇంత ఒంటరిగా ఉంటుందని గ్లెన్‌కు ఇంతకుముందు తెలియదు.

కెప్టెన్ బ్రాడ్ ఒక్కడే దగ్గరికి వచ్చాడు, అదీ టికెట్ల కోసం.

"నీ ఫ్యామిలీ టికెట్లు ఏమైనా మిగిలాయా? మా అత్త వస్తానంటోంది. అత్త కొత్త మొగుడు కూడా."

"అన్నీ తీసుకో."

"అన్నీనా? నీవాళ్లెవరూ రావట్లేదా?"

"నాకు అత్తే లేదు కదా" అన్నాడు గ్లెన్ నవ్వుతూ. పెళ్లి పెటాకులై చాలా ఏళ్లయింది. అమ్మ పోయింది. అన్న ఆస్ట్రేలియాలో ఉంటాడు, అతనికి రగ్బీ తప్ప ఇంకోటి పట్టదు. వెంబ్లీలో తన పేరు చెప్పి కూర్చోబెట్టడానికి ఈ భూమ్మీద ఒక్క మనిషి కూడా లేడన్న సంగతి, టికెట్ల కవరు చేతికి వచ్చిన రోజే అతనికి బోధపడింది.

టీ కప్పు పట్టుకుని గదికి తిరిగి వచ్చేసరికి రెండో మంచం మీద ఒక సంచి ఉంది. కిటికీ దగ్గర ఒక జత గోల్‌కీపర్ గ్లవ్స్ ఆరేసి ఉన్నాయి. బాత్రూములోంచి తల తుడుచుకుంటూ ఒక పొడుగాటి మనిషి బయటికి వచ్చాడు.

గ్లెన్ అతన్ని వెంటనే గుర్తుపట్టాడు. డంకన్ రీవ్. పై డివిజన్‌లో పెద్ద క్లబ్బు కీపరు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే ట్రయల్‌కు వెళ్లారు. అతన్ని తీసుకున్నారు, గ్లెన్‌ను పంపేశారు.

డంకన్ తువ్వాలు మెడ మీద వేసుకుని రెండు చేతులతో గ్లెన్ చెయ్యి పట్టుకున్నాడు.

"కింద తాళం ఇచ్చారు గురూ. కీపర్లిద్దరూ ఒకే గది కదా, ఎక్కడైనా అంతే. నీ సంగతి విన్నాను. చాలా బాధేసింది. వెంబ్లీ ముంగిట్లోకి వచ్చాక ఇదేం ఖర్మ. కుడి తొడా, ఎడమ తొడా?"

"ఏ తొడ?"

డంకన్ నవ్వాడు. గ్లెన్ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

గోల్‌కీపర్లకు ఒక సంఘం ఉందని ఫుట్‌బాల్ మనుషులు వేళాకోళంగా అంటుంటారు. దానికి చందా లేదు, ఆఫీసు లేదు. ఉన్నవల్లా కొన్ని మర్యాదలు. అవతలి కీపరు గోల్ వదిలేస్తే నవ్వకూడదు. ఒకడి చోటులోకి ఇంకొకడు వస్తే, వచ్చినవాడు ఇంకే పనీ చేయకముందు, చోటు పోయినవాడి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుని ఓ మాట చెప్పాలి. డంకన్ ఆ మర్యాద పాటించాడు, అంతే. ఆ మర్యాదతోనే గుట్టంతా బయటపెట్టేశాడు.

"తొడ వెనక కండరం పట్టేసిందన్నారే" అన్నాడు డంకన్ నెమ్మదిగా. "నిన్న పొద్దున ఫోన్ చేశారు నాకు. మూడు వారాలు లేవలేడన్నారు."

"నిన్న పొద్దున ప్రాక్టీసులో ఉన్నాను నేను. బంతి వెనకాల కుక్కలా దొర్లాను."

డంకన్ మంచం అంచున కూర్చున్నాడు. తువ్వాలును మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. "నాకు తెలీదు గ్లెన్. ఒట్టు."

"తెలిస్తే నా చెయ్యి పట్టుకునేవాడివి కాదులే."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి? వెళ్లిపోనా?"

"టీ పెట్టుకో. కెటిల్ ఆ మూల ఉంది. పాలు మాత్రం చూసుకో, విరిగినట్టున్నాయి." అని గ్లెన్ కిందికి దిగాడు.

జట్టు మేనేజరు డ్రైస్‌డేల్‌ను అందరూ గాఫర్ అనే పిలుస్తారు. ఆయన హోటల్ వెనకాల చిన్న మీటింగ్ గదిలో బోర్డు మీద పచ్చ, ఎర్ర బిళ్లలు అటూ ఇటూ జరుపుకుంటున్నాడు. గ్లెన్ మొహం చూడగానే చేతిలో బిళ్ల జేబులో వేసుకున్నాడు.

"తలుపు వెయ్యి. ఎవడు చెప్పాడు?"

"నా రెండో మంచం."

గాఫర్‌కు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక నుదురు కొట్టుకున్నాడు. "రూములు బుక్ చేసే ఆ పిల్ల... కీపరన్న మాట వినపడితే చాలు, తీసుకెళ్లి ఇంకో కీపరు పక్కన పడేస్తుంది. ముందు నీతో మాట్లాడదామనే అనుకున్నా. కూర్చో."

గ్లెన్ కూర్చోలేదు.

"సరే, నిలబడే విను" అన్నాడు గాఫర్. "ఆడగలిగే సీనియర్ కీపరు ఒక్కడూ లేకపోతే బయటినుంచి ఒకణ్ణి తెచ్చుకోవచ్చని లీగ్ రూలు. ఎబెన్ ఎలాగూ ఆడకూడదు. కుర్రాళ్ల జట్టు కీపరు ఆల్ఫీ గాడికి ఇంకా మీసం రాలేదు. నువ్వు పడిపోతే డంకన్ ఆడొచ్చు. పన్నెండింటికి లీగ్ డాక్టరమ్మ వస్తోంది. నీ తొడ నొక్కుతుంది. నువ్వు ఒక్కసారి అబ్బా అనాలి. అంతకంటే నేనేం అడగట్లేదు."

"నేను బాగానే ఉన్నాను కదా."

"అదే కదా వచ్చిన చిక్కు."

గ్లెన్ కిటికీలోంచి బయటికి చూశాడు. కార్ల పార్కింగులో స్కెల్‌బరీ కండువాలు వేసుకున్న ముసలాయన ఒకడు, పక్కన భార్య, తమ కారు ముందు ఫొటో దిగుతున్నారు. మ్యాచ్ రేపైతే వాళ్లు అప్పుడే వచ్చేశారు.

"నీ మీద నాకు కోపం లేదు గ్లెన్" అన్నాడు గాఫర్, ఈసారి గొంతు తగ్గించి. "నమ్మకం లేదు. రెండూ వేరు. చివరిసారి నువ్వు ఆడిన కప్ మ్యాచ్ గుర్తుందిగా. బంతి నీ కాళ్ల మధ్యలోంచి, పిల్లి గడప దాటినట్టు దాటింది. ఊరు ఈ రోజు కోసం పంతొమ్మిదేళ్లుగా చూస్తోంది. రేపు మనూరి వాళ్లు ఇరవై వేల మంది వస్తున్నారు. వాళ్ల కళ్లలోకి చూసి, ఉన్నదాంట్లో మంచోణ్ణే పెట్టానని చెప్పగలగాలి నేను."

"నమ్మకం లేదంటే ఒప్పుకుంటాను. అడగొచ్చు కదా మీరు."

"ఇప్పుడు అడుగుతున్నాగా."

"ఇది అడగడం కాదు గాఫర్. డంకన్ గ్లవ్స్ నా కిటికీలో ఆరిపోయాయి. ఇది చెప్పడం."

గాఫర్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే గ్లెన్‌కు ఎక్కువ కష్టంగా ఉంది. చెడ్డవాడైతే తిట్టి వచ్చేయొచ్చు.

"జూన్‌తో నీ కాంట్రాక్టు అయిపోతుంది. బార్నీ రిటైరవుతున్నాడు. వచ్చే సీజన్ నుంచి కీపర్ల కోచ్ ఉద్యోగం నీకిస్తాను. ఇది లంచం కాదు. నువ్వు డాక్టరుకి ఏం చెప్పినా ఇచ్చేవాణ్ణే... కాదు, అబద్ధం ఎందుకు, లంచమే. కానీ ఆ పనికి నువ్వు నిజంగా పనికొస్తావు. పిల్లలకి నువ్వంటే ఇష్టం."

గ్లెన్ బయటికి వచ్చి, మెట్ల మలుపులో ఎవరూ లేనిచోట నిలబడ్డాడు.

ఆట ఆగిపోయాక ఏమవుతుందోనన్న భయం అతనికి చాన్నాళ్లుగా ఉంది. గోల్స్ గురించి కాదు, డబ్బు గురించి అంతకన్నా కాదు. ఉదయాల గురించి. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు, అక్కడ తనను తాతా అని ఏడిపించడానికి కొందరు కుర్రాళ్లు, ఆపైన బురద కాళ్లతో తాగే టీ. ఇవి లేకపోతే తన ఫ్లాట్‌లో, చేపల వేపుడు కొట్టు పైన, కిటికీ దగ్గర ఎంతసేపు కూర్చోగలడు? ఆ ఉదయాలన్నీ గాఫర్ ఒక్క అబ్బాకు బదులుగా ఇస్తానంటున్నాడు. స్కెల్‌బరీలో ఉండగానే, ఒక కప్పు టీ ముందు పెట్టి, మనిషిని మనిషి అడిగినట్టు అడిగి ఉంటే, గ్లెన్ ఒప్పుకునేవాడే. జట్టు కోసమని చెప్పుకుని, తొడకు ఐసు మూట కట్టుకుని బెంచీ మీద కూర్చునేవాడే. అలవాటైన చోటే కదా.

అయితే ఒక్క మ్యాచ్ ఆడితే తను ఎవరో తనకు తెలుస్తుంది. కీపరా, లేక ఇన్నేళ్లూ కీపరు బట్టలు వేసుకుని తిరిగిన మనిషా అన్నది. అది తెలుసుకోకుండా రేపు పిల్లలకు కోచ్ అయితే వాళ్లకు ఏం నేర్పుతాడు?

పన్నెండింటికి అతన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. ఫిజియో లోర్నా గోడకేసి తిరిగి, అక్కడున్న క్యాలెండర్‌ను శ్రద్ధగా చదువుతోంది. గాఫర్ తలుపు దగ్గర చేతులు కట్టుకున్నాడు. డాక్టరమ్మ వేళ్లు చల్లగా, గట్టిగా ఉన్నాయి.

"నొప్పి ఉందా?"

గ్లెన్ మొహం తలగడలో ఉంది. ఎవరికీ కనపడదు. ఎంత తేలికో అనిపించింది.

"ఇక్కడ?"

గాఫర్ బూటు నేల మీద కదిలిన చప్పుడైంది.

"లేదు డాక్టర్" అన్నాడు గ్లెన్. "ఎక్కడా లేదు. ఎంత నొక్కినా ఉండదు."

"శుభవార్తే కదా" అంది డాక్టరమ్మ గాఫర్‌తో, చేతులు తుడుచుకుంటూ. గాఫర్ ఆమెకు థాంక్స్ చెప్పి, గ్లెన్ వైపు చూడకుండా వెళ్లిపోయాడు. లోర్నా మాత్రం క్యాలెండర్ వదిలి, వెళ్తూ వెళ్తూ అతని మడమ మీద ఒక చరుపు చరిచింది. అది మెచ్చుకోలో తిట్టో గ్లెన్‌కు తెలియలేదు.

గదికి వచ్చేసరికి డంకన్ సంచి జిప్పు లాగుతున్నాడు.

"నన్ను వెళ్లమన్నారు" అన్నాడు. "నాకు సంతోషమే. అంటే, ఆడాలనీ ఉంది, సంతోషంగానూ ఉంది. రేపు టీవీలో చూస్తా. గోల్ వదిలావంటే నీకు నాలుగు తగిలిస్తా, సంఘం తరఫున."

తలుపు మూసుకుంది. దుప్పటి నలిగిన రెండో మంచం వైపు గ్లెన్ ఆ రోజు ఎన్నిసార్లు చూశాడో. రాత్రి భోజనం దగ్గర కూడా ఎవరూ ఏమీ అనలేదు. విషయం అందరికీ తెలిసిపోయిందని ఆ నిశ్శబ్దమే చెప్పింది. తాత తన స్వార్థం చూసుకున్నాడని వాళ్లు అనుకుంటున్నారా, లేక మేలు చేశాడనుకుంటున్నారా అన్నది మాత్రం తెలియలేదు. అడిగే చనువు ఎవరితోనూ లేదు.

శనివారం అందరికంటే ముందు మైదానంలోకి వెళ్లేది కీపర్లే. జట్టు ఇంకా లోపల బూట్లు కట్టుకుంటుండగా, గ్లెన్, ఆల్ఫీ, ముసలి కోచ్ బార్నీ సొరంగం దాటి వెలుతురులోకి వచ్చారు. స్టేడియం ఇంకా సగం కూడా నిండలేదు. నిండని చోటే ఎక్కువ పెద్దగా కనిపించింది. స్కెల్‌బరీ పసుపు, నలుపు కండువాలున్న మూల నుంచి చప్పట్లు వచ్చాయి. ఎవడో "తాతా" అని అరిచాడు. ఇంకొంతమంది అందుకున్నారు. చూస్తుండగా ఆ మూల మూలంతా ఆ పేరుతో పాట కట్టి పాడటం మొదలెట్టింది. డ్రెస్సింగ్ రూమ్ దాటి ఆ పేరు బయటికి ఎలా పోయిందో ఏమో. గ్లెన్ ఆ మూల వైపు తిరిగాడు. చెయ్యి పైకెత్తాడు. జీవితంలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేనని, ఆ సంతోషం చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరని, రెండూ ఒకేసారి అనిపించాయి.

బార్నీ బంతులు కొట్టడం మొదలుపెట్టాడు. కుడివైపు, ఎత్తుగా, చేతుల్లోకి. గ్లెన్ చేతులు ఏదీ మరచిపోలేదు. తరువాతి బంతి ఎడమవైపు నేల బారుగా వచ్చింది. దాని మీదికి దూకి పట్టాడు.

పడ్డప్పుడు ఎడమ తొడ వెనక ఏదో పుటుక్కుమంది.

పెద్ద నొప్పి కాదు. ముందు అది నొప్పని కూడా అతను నమ్మలేదు. బంతి గుండెకు హత్తుకుని గడ్డి మీద అలాగే ఉండిపోయాడు. నిన్న డాక్టరమ్మ వేళ్లు పెట్టిన చోటే. దేవుడనేవాడికి హాస్యం ఉంటే ఉండవచ్చు గాని, వేళాపాళా మాత్రం లేదు.

"ఏంటి తాతా, నిద్రొచ్చిందా?" అని అరిచాడు బార్నీ.

"లేసు ఊడింది."

కాలు ముందుకు చాపి లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఆలోచన పరుగులు పెట్టింది. ఇప్పుడు చెబితే గోల్‌లో నిలబడేది ఆల్ఫీ. అవతల గోల్ దగ్గర వాడు బంతిని రెండుసార్లు వదిలేసి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తున్నాడు. నిన్న అబ్బా అని ఉంటే ఈ పాటికి డంకన్ ఉండేవాడు. ఊరికి డంకన్‌ను లేకుండా చేసింది తనే. పైగా ఇప్పుడు తొడ పట్టేసిందంటే గాఫర్ నమ్ముతాడా? నిన్న బాగున్న తొడ ఇవాళ పోయిందంటే, పిరికితనమనుకుంటాడు. కాదంటే కక్ష అనుకుంటాడు.

లేచి నడిచాడు. నడవగలుగుతున్నాడు. దూకితే ఏమవుతుందో దూకితే తప్ప తెలియదు. ఆ తరువాత బార్నీ కొట్టిన బంతుల్లో ఎడమవైపు వచ్చినవాటిని, సరదాకి వదిలేసినట్టు వదిలేశాడు.

సొరంగంలోకి తిరిగి వచ్చేసరికి గోడకు ఆనుకుని ఎబెన్ నిలబడి ఉన్నాడు. క్లబ్బు సూటు వేసుకున్నాడు. అటు వెస్ట్‌మియర్ వాళ్లతో కూర్చోలేక, ఇటు డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లలేక, పొద్దుటినుంచీ నడవాల్లో తిరుగుతున్నాడు పాపం.

"ఏ కాలు? ఎడమదా?" అన్నాడు.

"లేసు ఊడిందిరా."

"లేసు కబుర్లు వాళ్లకి చెప్పు తాతా, నాకు కాదు. సీజనంతా నీ పక్క మంచం మీద పడుకున్నా. నువ్వు మోకాలి మీద కూర్చోకుండా లేసు కట్టుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు. ఇవాళ కాలు చాపి కట్టావు."

గ్లెన్ అటూ ఇటూ చూశాడు. "మెల్లగా మాట్లాడు. చిన్న పట్టు. వేడెక్కితే పోతుంది."

"పోకపోతే?"

"అప్పుడు చూద్దాం."

"ఎవరు చూస్తారు? ఇరవై వేల మంది చూస్తారు." ఎబెన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను ఆడాల్సిన మ్యాచ్ ఇది తాతా. జట్టును ఇక్కడిదాకా తెచ్చింది నేను. పోయేదేదో నా వల్ల పోతే ఒక రకం. నువ్వు దాచిపెట్టడం వల్ల పోకూడదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఆల్ఫీ గాణ్ణి చూశావా నువ్వు?"

"చూశాను. టాయిలెట్లో కక్కుకుంటున్నాడు. అయినా వాడికి రెండు కాళ్లున్నాయి."

జట్లు వరసలో నిలబడాలని గంట మోగింది. తలుపు తెరుచుకుని ఒక్కొక్కరే బయటికి రావడం మొదలైంది. వాళ్లను దాటుకుంటూ గాఫర్ వచ్చి, గ్లెన్ ముందు ఆగాడు. నిన్నటి తరువాత ఇద్దరూ ఎదురుపడటం ఇదే మొదలు. గాఫర్ టై సరిచేసుకున్నాడు, మళ్లీ చెడగొట్టుకున్నాడు.

"రాత్రంతా ఆలోచించాను" అన్నాడు. "ఆ బల్ల మీద అబద్ధం చెప్పడం నీకంత సులువుగా ఉన్నా, ఎక్కడా నొప్పి లేదన్నావు. అలా అనగలిగినవాడే ఇవాళ నా వెనక ఉండాలి. నిన్న నమ్మకం లేదన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నాకు ఎబెన్ వద్దు, డంకన్ వద్దు. నువ్వే కావాలి."

చెయ్యి చాపాడు.

ఈ మాట ఎవరైనా అంటారేమోనని గ్లెన్ ఇన్నేళ్లు ఎదురు చూశాడు. వరసలో బ్రాడ్ వెనక్కి తిరిగి "తాతా, రా, నీ చోటు ఇదిగో" అని పిలుస్తున్నాడు. తొడ వెనక నరం సన్నగా కొట్టుకుంటోంది. గ్లెన్ గ్లవ్ విప్పి, గాఫర్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, వదలబుద్ధి కాలేదు.

గ్లెన్ భుజం వెనక నుంచి ఎబెన్ గొంతు వినిపించింది.

"గాఫర్, ఒక్క నిమిషం."